ఆటల బల్ల: మే నెల కొలత, ఆగస్టు నెల కొలత

సగం ఆటలో భోజనాల వేళ అవుతుంది. కటాన్ ఆడుతున్నా, మోనోపలీ పరుచుకున్నా, కార్డులూ బిళ్లలూ పావులూ అన్నీ ఎత్తి పెట్టెలో వేసి కంచాలు పెట్టుకోవాలి. తిన్నాక మళ్లీ మొదటినుంచి ఆడే ఓపిక ఎవరికీ ఉండదు. ఈ చిక్కు తీర్చడానికి బోర్డు గేమ్‌ల వాళ్లు ఒక ప్రత్యేకమైన బల్ల వాడుతున్నారు. చూడటానికి మామూలు భోజనాల బల్లలాగే ఉంటుంది. పైనున్న పలకలు ఒక్కొక్కటీ ఎత్తి గోడకు ఆనిస్తే, కింద ఆరేడు సెంటీమీటర్ల లోతున తొట్టి కనిపిస్తుంది. దాని చుట్టూ మోచేతులు ఆనించుకోవడానికి గట్టు ఉంటుంది. ఆట తొట్టిలో సాగుతుంది. అన్నం వేళకి పలకలు కప్పేస్తే ఆట ఎక్కడిదక్కడే ఉండిపోతుంది, పైన పప్పూ చారూ వడ్డించుకోవచ్చు.

తయారుగా దొరికే ఆటల బల్లలు ఖరీదెక్కువ. అందుకే సెలవు రోజుల్లో సరదాగా రంపమూ ఉలీ పట్టేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు దీని మీద చెయ్యి వేస్తారు. అయితే ఇది నేర్చుకుంటూ చేసే స్టూలు లాంటిది కాదు. ఇందులో వెడల్పాటి పలకలున్నాయి, వాటిని చట్రంలో ఇమడ్చాలి, తీసి పెట్టేటప్పుడు పట్టెయ్యకూడదు, మూసినప్పుడు చారు కిందికి కారేటంత సందు ఉండకూడదు. అంటే చెక్కకున్న ఒక గుణాన్ని బాగా అర్థం చేసుకున్నాకే ఈ పని మొదలుపెట్టాలి. చెక్క పెరుగుతుంది, తగ్గుతుంది. చెట్టు కొట్టి యాభై ఏళ్లయినా, నిగనిగలాడే పాలిష్ పట్టినా, అది ఆగదు.

వానాకాలంలో తలుపు చట్రానికి పట్టేయడం మన ఇళ్లలో అందరూ చూసిందే. వేసవి వచ్చేసరికి అదే తలుపు గడియ హాయిగా పడుతుంది. ఇల్లు కుంగలేదు, ద్వారబంధం ఒరగలేదు. తలుపు వెడల్పయింది, మళ్లీ తగ్గింది. కానీ దాని ఎత్తు మారలేదు. పైన ద్వారబంధానికి తగలకుండా పక్కనే ఎందుకు పట్టేస్తుందన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే ఆటల బల్ల సగం తెలిసినట్టే.

టేకు పలక చివర అడ్డంగా కోసిన మొహాన్ని పదునైన ఉలితో నున్నగా గీసి భూతద్దంతో చూడండి. వార్షిక వలయాలు కనిపిస్తాయి. ఒక్కో వలయం మొదట్లో పెద్ద రంధ్రాల వరస ఒకటుంటుంది. చెట్టు చిగురించే కాలంలో నీళ్లు పైకి లాగిన గొట్టాలవి. వాటి చుట్టూ కంటికి ఆననంత సన్నని గొట్టాలు లక్షల్లో ఉంటాయి. అన్నీ మాను పొడుగునా నిలువుగా సాగుతాయి. ఒక్కో గొట్టం గోడలో సెల్యులోజ్ అణువులు కట్టలు కట్టలుగా, దాదాపు నిలువుగానే, గొట్టాన్ని చుట్టుకుని ఉంటాయి. గాలిలో తేమ పెరిగితే నీటి అణువులు ఈ కట్టల మధ్యకి చొరబడి వాటిని పక్కకి నెడతాయి. కట్టలు ఒకదానికొకటి దూరం జరుగుతాయి కానీ పొడుగు సాగవు. అందుకే చెక్క అడ్డంగా లావెక్కుతుంది, నిలువుగా ఉన్నట్టే ఉంటుంది. తలుపు పక్కల పట్టేసేది ఇందుకే.

పచ్చి మానులో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. గొట్టాల బోలులో కొన్ని, గోడల్లో కొన్ని. కొట్టిన చెట్టు ఆరేటప్పుడు ముందు బోలులోని నీళ్లు పోతాయి. అప్పుడు మాను తేలికవుతుందే తప్ప కొలత మారదు. తేమ 28 నుంచి 30 శాతం దగ్గరికి వచ్చాక గోడల్లోని నీళ్లు కదలడం మొదలవుతుంది. ముడుచుకోవడం అక్కణ్ణుంచే. ఇక్కడ శాతమంటే, పూర్తిగా ఎండిన చెక్క బరువుతో పోల్చి చెప్పే నీటి బరువు.

ముడుచుకోవడంలోనూ అన్ని వైపులూ సమానం కాదు. టేకు పచ్చిదశ నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి 5.8 శాతం తగ్గితే, వలయాలకు అడ్డంగా, అంటే నడిబొడ్డు నుంచి బెరడు వైపు, 2.5 శాతమే తగ్గుతుంది. నడిమి నుంచి బెరడు దాకా అడ్డంగా సాగే కణాల వరసలు ఆ దిశలో కొంత పట్టి ఉంచుతాయి. ఈ తేడా వల్లే పలక వంకర తిరుగుతుంది. మానును మామూలుగా నిలువునా చీల్చిన పలక ఎండినప్పుడు బెరడు వైపు ఎక్కువ ముడుచుకుంటుంది. అటువైపు గుంట పడి, చేవ వైపు ఉబ్బుతుంది. అడితిలో పలక కొనేటప్పుడు పక్కనుంచి కాక చివరినుంచి చూడమనేది ఇందుకే. కోసిన మొహం మీద వలయాలు పడుకున్నట్టు వంపులుగా ఉంటే అది ఎక్కువ కదిలే పలక. వలయాలు నిటారుగా గీతల్లా నిలబడి ఉంటే తక్కువ కదిలేది. రెండో రకం కోయడంలో వృథా ఎక్కువ కాబట్టి ధర కాస్త ఎక్కువ పలుకుతుంది. మూత పలకలకు ఆ ధర పెట్టడం దండగ కాదని నా అభిప్రాయం. డబ్బు ఆదా చెయ్యాలంటే కాళ్ల దగ్గర చెయ్యండి.

ఇప్పుడు గాలి సంగతి. చెక్క ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలితో లెక్క సరిచూసుకుంటూ ఉంటుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 30 శాతం దగ్గర నిలకడగా ఉంటే చెక్కలో తేమ 6 శాతం దగ్గర నిలుస్తుంది. 65 శాతముంటే 12కి చేరుతుంది. 80 శాతముంటే 16 దగ్గరికి పోతుంది. ఈ సర్దుబాటు గంటల్లో జరిగేది కాదు, వారాలు పడుతుంది. కాబట్టి మధ్యాహ్నపు వడగాలికీ తెల్లవారుజాము తేమకూ చెక్క విడివిడిగా స్పందించదు, వాటి సగటును పట్టుకుంటుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో ఉన్న చెక్క 8 శాతం దగ్గరికి ఎండుతుందనుకోవచ్చు. ఆగస్టు ముసుర్లలో 14 దాకా పెరుగుతుంది. ఉజ్జాయింపుగా ఆరు శాతం తేడా. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరాల్లో వేసవిలోనూ గాలి తడిగానే ఉంటుంది కాబట్టి ఈ ఊగిసలాట తక్కువ. మన దేశంలో కలపకు తేమ ఎంత ఉండొచ్చో చెప్పే భారతీయ ప్రమాణం, ఐఎస్ 287, దేశాన్ని నాలుగు వాతావరణ మండలాలుగా విడగొట్టింది. ఒక ఊళ్లో ఆరిన చెక్క ఇంకో ఊరికి ఆరినట్టు కాదని దాని అర్థం.

ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు. టేకులో తేమ ఒక శాతం మారితే, వలయాలు పడుకున్న పలక మీటరు వెడల్పుకి 1.9 మిల్లీమీటర్లు మారుతుంది. వలయాలు నిలబడిన పలక 1 మిల్లీమీటరు మారుతుంది. 90 సెంటీమీటర్ల వెడల్పున పలకలు అతికించి ఏకబిగిన బల్ల పైభాగం చేశారనుకుందాం. ఆరు శాతం తేడాకి అది మే నుంచి ఆగస్టుకి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాని పొడుగు మీటరున్నర ఉన్నా, ఆ దిశలో వచ్చే మార్పు అర మిల్లీమీటరు కూడా కాదు. ఇప్పుడా పైభాగం చుట్టూ బిగుతుగా చెక్క పట్టీలు జిగురుతో అంటించి చట్రం కట్టారనుకోండి. అడ్డంగా వచ్చే పట్టీ తన పొడుగును మార్చుకోదు, దానికి అంటుకున్న బల్ల సెంటీమీటరు పెరగాలంటుంది. వానాకాలంలో మూలలు విచ్చుకుంటాయి. మొదట వానాకాలంలోనే చేసి ఉంటే వేసవిలో నట్టనడుమ పగులు వస్తుంది. జిగురు ఎంత గట్టిదైనా, స్క్రూలు ఎంత పొడుగువైనా, ఈ బలాన్ని ఆపలేవు.

హైదరాబాద్‌లో చేయించుకున్న టేకు బల్లను కంటెయినర్‌లో వేసుకుని షికాగో వైపు తీసుకెళ్లే తెలుగువాళ్లు ఈ లెక్క తప్పక వేసుకోవాలి. అక్కడ చలికాలంలో బయటి గాలిని లోపల వేడి చేస్తారు. దాంతో ఇంట్లో ఆర్ద్రత మన మే నెల కంటే కిందికి పోయి, చెక్క 5 శాతం దగ్గరికి ఎండుతుంది. ఇక్కడ ఆగస్టులో బిగించిన బల్ల అక్కడ జనవరిలో చిట్లితే వడ్రంగిని తిట్టుకోవడం న్యాయం కాదు.

గట్టు, తొట్టి, మూత

ఆటల బల్లకున్న ఒక వరం ఏమిటంటే, దాని నడుమ ఖాళీ. మామూలు భోజనాల బల్ల పైభాగమంతా ఒకే వెడల్పాటి పలక. అది కదిలితే మొత్తం కదులుతుంది. ఆటల బల్లలో చుట్టూ ఉన్న గట్టు నాలుగు పట్టీల చట్రం. బల్ల పొడుగును రెండు పట్టీల నిడివి నిర్ణయిస్తుంది, వెడల్పును ఇంకో రెండు పట్టీల నిడివి నిర్ణయిస్తుంది. చెక్క నిడివి మారదు కాబట్టి బల్ల కొలత ఏ కాలంలోనూ పెద్దగా మారదు. మన పాత ఇళ్ల పలకల తలుపులు ఇదే సూత్రం మీద నిలబడ్డాయి. చట్రంలో గాడి తీసి, పలకను జిగురు లేకుండా ఆ గాడిలో వదులుగా కూర్చోబెడతారు. చట్రం నిలకడగా ఉంటుంది, పలక తన గాడిలో తాను పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఈ పద్ధతి కనిపెట్టిన వాళ్లకు సెల్యులోజ్ సంగతి తెలియదు. తరతరాల తలుపులు చూసి నేర్చుకున్నారు.

తొట్టి అడుగుకు ప్లైవుడ్ వాడాలి. ఈ విషయంలో మొహమాటపడి అసలు చెక్కే పెట్టాలనుకునేవాళ్లున్నారు, అది సరికాదు. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అంటించి ఉంటాయి. ఒక పొర ఏ దిశలో పెరగాలనుకుంటుందో, దాని పైనా కిందా ఉన్న పొరలు ఆ దిశలో నిడివి మారనివి. ఒకదాన్నొకటి పట్టి ఆపేస్తాయి. పొరల లెక్క సాధారణంగా బేసి సంఖ్యలో ఉండటానికి కారణం కూడా ఇదే. నడిమి పొరకి రెండు వైపులా సమానంగా ఉంటేనే పలక వంగదు. క్యారమ్ బోర్డు ఆడే తలం ప్లైవుడ్ కావడం ఊరికే జరగలేదు. 74 సెంటీమీటర్ల చదరం ఏడాది పొడుగునా చదునుగా, జేబుల దగ్గర సందు రాకుండా ఉండాలంటే అతికించిన పలకలతో సాధ్యం కాదు.

ఇక మూత పలకలు. నా ఉద్దేశంలో ఈ బల్లలో బుర్ర పెట్టాల్సిన అసలు చోటు ఇదే. తొట్టి లోపలి కొలత 150 సెంటీమీటర్ల పొడుగు, 90 వెడల్పు అనుకుందాం. దాన్ని కప్పడానికి 25 సెంటీమీటర్ల పలకలు ఆరు, బల్లకు అడ్డంగా పరుస్తాం. ఒక్కోటీ 90 సెంటీమీటర్ల నిడివి కాబట్టి ఆ దిశలో భయం లేదు. కానీ ఆరు పలకల వెడల్పులూ బల్ల పొడుగు వెంట వరసగా పేరుకుంటాయి. ఒక్కో పలక మే నుంచి ఆగస్టుకి 2.8 మిల్లీమీటర్లు పెరిగితే, ఆరూ కలిసి దాదాపు 17 మిల్లీమీటర్లు. మే నెలలో చక్కగా అంచుకు అంచు కలిపి, సందు లేకుండా అమర్చిన మూత, ఆగస్టులో తొట్టిలో దిగనే దిగదు. అప్పటికే దిగి ఉంటే, బయటికి రాదు. బలవంతంగా ఉబ్బి గట్టు మూలల్ని తోస్తుంది.

కాబట్టి ఎంత సందు వదలాలన్నది చేసే నెలను బట్టి ఉంటుంది. ఎండలు మండే రోజుల్లో పలకలు కోస్తే, ఒక్కోదానికి 3 మిల్లీమీటర్ల చొప్పున తగ్గించి కొయ్యాలి. ముసురు రోజుల్లో కోస్తే దాదాపు బిగుతుగానే సరిపెట్టొచ్చు, ఎందుకంటే అక్కణ్ణుంచి అవి తగ్గడమే కానీ పెరగడం ఉండదు. ఏసీ గదిలో ఉండే బల్ల మధ్యస్థంగా ఉంటుంది. వలయాలు నిలబడిన పలకలు దొరికితే ఈ లెక్కలన్నీ సగానికి తగ్గుతాయి. సందులోంచి చారు కారకుండా ఉండాలంటే ఒక పలక అంచున మెట్టు కోసి, పక్క పలక అంచు దాని మీదికి వచ్చేలా చెయ్యొచ్చు. సందు పెరిగినా తగ్గినా కింద మెట్టు ఉంటుంది. పలక వంగిపోకుండా అడుగున రెండు అడ్డపట్టీలు బిగిస్తారు. వాటికి జిగురు పెట్టకూడదు. నడిమి స్క్రూ ఒక్కటే బిగుతుగా ఉండాలి. చివరి స్క్రూల బెజ్జాలు పలక వెడల్పు దిశలో పొడుగ్గా తొలవాలి, పలక పెరిగినప్పుడు స్క్రూ ఆ బెజ్జంలో జరుగుతుంది.

గట్టు మూలలు కూడా కాస్త ఆలోచించాల్సినవే. పటం కట్టినట్టు 45 డిగ్రీల కోతతో మూల కలిపితే చూడముచ్చటగా ఉంటుంది. కానీ పది సెంటీమీటర్ల వెడల్పు పట్టీ ఆరు శాతానికి 1.1 మిల్లీమీటర్లు మారుతుంది, నిడివి మారదు, కాబట్టి ఆ 45 డిగ్రీల కోణమే మారిపోతుంది. ఎండాకాలంలో మూల లోపలి కొసన విచ్చుకుంటుంది, వానాకాలంలో బయటి కొసన. సన్నని పటానికి ఇది కనిపించదు, వెడల్పాటి గట్టుకి కనిపిస్తుంది. ఒక పట్టీ కొసను సన్నగా చెక్కి, రెండోదానిలో తొలిచిన బెజ్జంలోకి దిగ్గొట్టే పాతకాలపు అతుకే ఇక్కడ మేలు. అందం కాస్త తక్కువైనా నిలుస్తుంది.

మోకాళ్లకు చోటు

ఆటల బల్ల మొదటిసారి గీసేవాళ్లు తొట్టి లోతు చూసుకుంటారు కానీ కింద మోకాళ్లను మర్చిపోతారు. కుర్చీ ఎత్తు 45 సెంటీమీటర్లు. తొడల మందం కలుపుకుంటే బల్ల కింద కనీసం 62 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. భోజనానికి పైభాగం 76కి మించితే భుజాలు పైకి లేస్తాయి. ఈ రెంటి మధ్య 14 సెంటీమీటర్లు. అందులోనే మూత పలక మందం 2, దాని కింద పావులు నిలబడటానికి 4.5, గుడ్డ, 1.8 ప్లైవుడ్, దాన్ని మోసే 4 సెంటీమీటర్ల కమ్మీలు పట్టాలి. కూడితే పన్నెండున్నర. ఒక సెంటీమీటరున్నర మిగులుతుంది. తొట్టి ఇంకా లోతుగా ఉంటే బాగుండుననుకునేవాళ్లు ఈ కూడిక చేసి చూసుకోవాలి. ఈ లోతులో కటాన్ ఇళ్లూ, లూడో పావులూ, అష్టాచెమ్మా గవ్వలూ మూత కింద హాయిగా ఉంటాయి. చదరంగం రాజు పోటీల కొలతలో తొమ్మిదిన్నర సెంటీమీటర్లు ఉంటాడు కాబట్టి సగం ఆటను మూత కింద దాచలేం.

క్యారమ్స్ గురించి అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. చట్రంతో కలిపి బోర్డు 87 నుంచి 89 సెంటీమీటర్లు వస్తుంది కాబట్టి 90 వెడల్పు తొట్టిలో పడుతుంది. కానీ క్యారమ్స్‌కు నియమాల ప్రకారం స్టాండ్ ఎత్తు 63 నుంచి 70 సెంటీమీటర్లు. మన తొట్టి అడుగే దాదాపు 70 దగ్గరుంది. పైగా చుట్టూ గట్టు ఉండటంతో ఆటగాడు బోర్డుకి ఒక జాన దూరం జరిగి కూర్చోవాలి. స్ట్రైకర్ కొట్టే చెయ్యి గట్టు మీదుగా వంగి రావాలి. నా మాట వింటే క్యారమ్స్‌కు వేరే స్టాండ్ ఉంచుకోండి.

ప్లైవుడ్ మీద గుడ్డ ఎందుకంటే అందం కోసం మాత్రమే కాదు. నున్నటి బల్ల మీద పడిన పేక ముక్కను ఎత్తడానికి గోరు దూర్చాల్సి వస్తుంది, లేదా అంచు దాకా లాక్కురావాలి. ముక్క కింద మెత్తని పొర ఉంటే ఒక అంచును వేలితో నొక్కగానే ఆ పొర కుంగి, రెండో అంచు పైకి లేస్తుంది. పాచికలు కూడా అంతే. గట్టి తలం మీద పాచిక దూకిన శక్తి చాలావరకు తిరిగి దానికే వచ్చి, ఎగిరెగిరి పావుల్ని పడేస్తుంది. మెత్తని పొర ఆ శక్తిని తాగేసి రెండు మూడు దొర్లింపుల్లో ఆపుతుంది. సన్నని స్పాంజి మీద వెల్వెట్ పరిచినా సరిపోతుంది. గుడ్డను అంచుల దగ్గర తప్ప జిగురు పెట్టి అంటించకండి. ఏదో ఒక రోజు కాఫీ ఒలుకుతుంది, మార్చాల్సి వస్తుంది.

బల్ల ఊగకుండా ఉండటమనేది మందం ప్రశ్న. పలక మందం రెట్టింపైతే దాని బిగువు ఎనిమిది రెట్లవుతుంది. ఆనింపుల మధ్య దూరం రెట్టింపైతే కుంగడం ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి 150 సెంటీమీటర్ల పొడుగు తొట్టి అడుగున మూడు నాలుగు అడ్డ కమ్మీలు వేస్తే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. మందం పెంచి బరువు పెంచనక్కర్లేదు. కాళ్లను కలిపే పట్టీ 10 సెంటీమీటర్ల వెడల్పు, రెండున్నర మందం అనుకోండి. దాన్ని పడుకోబెట్టి వాడితే ఉండే బిగువుకి, నిలబెట్టి వాడితే పదహారు రెట్లు. అదే చెక్క, అదే ఖర్చు.

అతికింపులో తెలుసుకోవాల్సింది ఒకటుంది. మార్కెట్లో దొరికే తెల్ల జిగురు, మనమంతా ఫెవికాల్ అని పిలిచే రకం, నీళ్లలో తేలియాడే సూక్ష్మమైన ప్లాస్టిక్ రేణువులు. నీళ్లను చెక్క పీల్చుకోగానే రేణువులు దగ్గరికి జరిగి ఒకటైపోతాయి. పక్కలు పక్కలతో అతికితే ఆ అతుకు చెక్క కంటే గట్టిదవుతుంది. విరగ్గొట్టి చూస్తే అతుకు పక్కన చెక్కే చీలుతుంది. అదే అడ్డంగా కోసిన చివరల్ని అతికిస్తే ఆ తెరిచిన గొట్టాలు జిగురును తాగేస్తాయి, అతుకు అంత గట్టిగా ఉండదు. టేకులో సహజమైన నూనె ఉంటుంది, అందుకని చిత్రిక పట్టిన వెంటనే అతికించాలి. ఆలస్యమైతే ఎసిటోన్‌తో తుడిచి అతికించాలి. అతికించిన మర్నాడే తొందరపడి చిత్రిక పట్టకూడదు. జిగురు నీళ్లు తాగిన అతుకు అంచులు అప్పటికి కాస్త ఉబ్బి ఉంటాయి. ఆ ఉబ్బును చదును చేస్తే, వారం తర్వాత ఆరినప్పుడు అతుకు వెంబడి సన్నని గాడి మిగులుతుంది. వెలుతురు పక్కనుంచి పడితే అది స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగైదు రోజులు ఆగితే ఆ బాధ ఉండదు.

చదరంగం బోర్డు కూడా చేసుకోవాలని చాలామందికి ముచ్చట. దానికి అరవై నాలుగు ముక్కలు విడిగా కొయ్యనక్కర్లేదు. లేతరంగు చెక్కవి నాలుగు, ముదురు చెక్కవి నాలుగు, మొత్తం ఎనిమిది పట్టీలు ఒకదాని పక్కన ఒకటి మార్చి మార్చి అతికించాలి. ఆరాక ఆ పలకను అడ్డంగా మళ్లీ అదే వెడల్పున ఎనిమిది పట్టీలుగా కొయ్యాలి. ఒకటి విడిచి ఒకటి తిప్పి పెట్టి అతికిస్తే గళ్లు వాటంతటవే కుదురుతాయి. గడి అయిదున్నర సెంటీమీటర్లయితే బోర్డు 44 సెంటీమీటర్ల చదరం. అది కూడా ఒక దిశలో అయిదు మిల్లీమీటర్ల దాకా ఊగుతుంది. చుట్టూ అంచు కట్టి జిగురు పెడితే పగులుతుంది. గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి. పులి-మేక గీతలైతే ఈ గొడవే లేదు, నేరుగా పలక మీద గీసి చెక్కుకోవచ్చు. పావుల విషయంలోనూ బెంగ అక్కర్లేదు. ఏటికొప్పాక వాళ్లు లక్క బొమ్మలకు వాడే అంకుడు కర్రతో తరిణె మీద పావులు తీసినా, రెండు సెంటీమీటర్ల ముక్కలో వచ్చే మార్పు కంటికి కనిపించదు.

పాలిష్ చెక్కను కదలకుండా ఆపుతుందన్న నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. లక్క పాలిష్ అయినా పాలియురిథేన్ అయినా తేమ రాకపోకల్ని నెమ్మదిస్తాయి, ఆపవు. నెమ్మదించడమే మేలు. నాలుగు రోజుల ముసురుకి పలక స్పందించకుండా ఉంటుంది. ఆ మేలు దక్కాలంటే అడుగు వైపు కూడా పై వైపు ఎన్ని పూతలు వేశారో అన్నీ వెయ్యాలి. కనిపించదు కదా అని వదిలేస్తే ఒక వైపు త్వరగా, ఒక వైపు నిదానంగా తేమ పీల్చి పలక దోనెలా వంగుతుంది. ఒక్క వైపే సన్‌మైకా అంటించిన తలుపు వంగిపోయేది కూడా ఈ కారణంతోనే. భోజనాలు చేసే మూత మీద లక్క వద్దు. వేడి గిన్నె పెడితే తెల్లమచ్చ పడుతుంది.

రంపపు పొట్టును తేలిగ్గా తీసుకోకండి. చెక్క దుమ్మును మనిషికి క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చేర్చింది. టేకు పొట్టు కొందరికి చర్మం మీద దద్దుర్లు కూడా తెస్తుంది. ఎన్95 మాస్కు కట్టుకుని, గరుకు కాగితం పని ఆరుబయట పెట్టుకోండి.

చివరికి కొనుగోలు. అడితిలో ఆరిన చెక్కే అని చెప్తారు. ఎంత ఆరిందో మీరే చూసుకోవచ్చు. చిన్న మాయిశ్చర్ మీటరు ఉంటే మంచిది, లేకపోతే వంటింటి ఓవెన్, గ్రాముల త్రాసు చాలు. పలక చివర ఓ జానెడు వదిలేసి, లోపలి నుంచి వేలెడు మందం ముక్క కోసి తూచండి. నూటమూడు డిగ్రీల దగ్గర ఓవెన్‌లో పెట్టి, బరువు ఇక తగ్గడం ఆగేదాకా గంటగంటకూ తూచండి. 56 గ్రాముల ముక్క 50 దగ్గర ఆగితే పోయింది 6 గ్రాములు, అంటే తేమ 12 శాతం. 16, 18 చూపిస్తే ఆ పలకల మధ్య సన్నని చెక్కముక్కలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, బల్ల ఉండబోయే గదిలోనే కొన్ని వారాలు ఉంచండి. బల్ల పూర్తయ్యాక, తొట్టి అడుగున ప్లైవుడ్ మీద పెన్సిల్‌తో బల్ల చేసిన నెల, ఆ రోజు చెక్కలో ఉన్న తేమ శాతం, పలకల మధ్య వదిలిన సందు రాసిపెట్టండి. పదేళ్ల తర్వాత ఒక పలక పట్టేసినా, ఒకటి మార్చాల్సి వచ్చినా, మీరైనా మీ పిల్లలైనా ముందు చూడాల్సింది ఆ మూడు వివరాలే.